నల్లమల పెంటలు, దేవరకొండ తండాలు: ఆడుబిడ్డల యీడు

హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు బాట కడ్తాలు, ఆమనగల్లు దాటిన పిదప మెట్టసీమలో ప్రవేశించును. ఎడమవైపున నల్లగొండ, కుడివైపున మహబూబునగరము. రెంటికిని నేల యొక్కటే: ఎఱ్ఱమన్ను, దాని నడుమ పొడుచుకొని వచ్చిన బండలు, వానను నమ్ముకొన్న చేలు. ఆముదము, జొన్న, కంది యొకనాటి పైరులు. నేడు ప్రత్తి వాని చోటు నాక్రమించినది. డిండి జలాశయముకడ నల్లగొండ జిల్లా కొంగును దాకి, హాజీపురము మీదుగా బాట మన్ననూరు చేరును. అచ్చట అటవీశాఖవారి గేటు. దానిని దాటినంతనే యెక్కుడు మొదలగును. టేకు, నల్లమద్ది, వెదురు ఇరుప్రక్కల దట్టముగా నుండును. ఇదియే నల్లమల యుత్తరపు కొస, అమ్రాబాదు పీఠభూమి. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు ఈ భాగము నాగరుకర్నూలు జిల్లాలో జేరినను, పెద్దల నోట నిప్పటికిని అది పాలమూరే.

ఈ మార్గమున యాత్రకు బోవు సోదరీమణులు ఉమామహేశ్వరమును, మల్లెలతీర్థమును జూచి, మల్లన్న దర్శనము జేసికొని మరలి వత్తురు. చైత్రపున్నమకు సలేశ్వరపు లోయలో దిగువారును గలరు. కాని దారిప్రక్కల నున్న చెంచు పెంటలను, దేవరకొండవైపునకు దిరిగిన లంబాడి తండాలను నిలిచి చూచువారు తక్కువ. ఈ వ్యాసమున జెప్పదలచినది ఆ పెంటలలోను, తండాలలోను బెరుగు నాడుబిడ్డల సంగతి. అందును మనము ఇంటింట నెఱిగియు నలుగురిలో బలుకని సంగతి; అనగా బిడ్డ పెద్దమనిషి యగు వయస్సు. తల్లుల కాలమునుండి కూతుండ్ర కాలమునకు ఆ వయస్సు ముందునకు జరుగుచున్నది. దానివెంట బిడ్డ బ్రతుకులో నేమి జరుగుచున్నదో, ఏమి జరుగరాదో తెలిసికొనుట మనకందఱకు నవసరము.

వయస్సు నడిగి తెలిసికొనుట యచ్చట నంత సులభము గాదు. పుట్టిన తేదీని వ్రాసియుంచు నలవాటు ముదుసలుల చిన్ననాట లేదు. వారు కాలమును సంఘటనలతో గొలుతురు. 1948లో జరిగిన పోలీసుచర్య నాటికి నడకవచ్చిన పిల్ల ననియు, 1972 నాటి కరవులో పెద్దకొడుకు చంకబిడ్డ యనియు జెప్పుదురు. ఇట్లు లెక్కగట్టిన యేండ్లు ఒకటి రెండు అటునిటు గావచ్చును. అయినను వారి మాటలలో నొక్కటి తఱచుగా వినవచ్చును: తాము చాలకాలము కట్టెలమోపులు మోసిన పిదపనే ఈడేరితిమనియు, మనుమరాండ్రు బొమ్మలాట మానకమునుపే పెద్దమనుషు లగుచున్నారనియు.

ఇది ముదుసలుల భ్రమ గాదు. 2005వ సంవత్సరమున దేశమంతట జరిగిన యొక పెద్ద గృహసర్వేలో స్త్రీలు రజస్వలలైన సగటు వయస్సు 13 ఏండ్ల 9 మాసములని తేలెను. తరముల వారీగా జూచినప్పుడు అది దశాబ్దమున కించుమించు నొక మాసముచొప్పున దగ్గుచు వచ్చినది. సగటు సగటే, అన్నము పుష్కలముగా నున్న పట్టణపు టింట ముందుగాను, తిండి చాలని పల్లెయింట నాలస్యముగాను ఈడేరుట మనదేశముననే గాక లోకమంతటను కనబడుచున్న విషయము. నార్వేదేశమున 19వ శతాబ్ది మధ్యభాగమున బాలికలు సుమారు 16వ యేట రజస్వలలగుచుండిరి. నూఱేండ్లు గడచునప్పటికి ఆ వయస్సు 13 చెంతకు దిగినది. న్యూగినీ కొండలలోని బుండి జాతివారిలో 1960 ప్రాంతములలో జరిగిన పరిశీలనయందు అది 18గా దేలినది. పిమ్మట ఆ జాతి బాలికలలో పట్టణము చేరినవారికి రెండేండ్లకు బైగా ముందునకు జరిగినది. కొండ మాఱలేదు, జాతి మాఱలేదు. పళ్లెములోని యన్నము మాఱినది.

కారణము నొక గృహిణికి దెలియజెప్పుట కష్టము గాదు. గరిసెలో గింజ లేనప్పుడు ఏ యిల్లాలును చుట్టములను బిలువదు. కొంత నిలువ చేరెనని తెలిసిన పిదపనే పిలుపు పంపును. దేహమును అట్లే. బిడ్డను మోసి, పాలిచ్చి పెంచుటకు దగిన నిలువ కొవ్వు రూపమున జేరువఱకు మెదడు ఈడునకు ఆజ్ఞ నీయదు. 1970లో రోజ్ ఫ్రిష్ అను అమెరికా విదుషీమణి తన సహచరునితో గూడి, వయస్సుకంటె దేహపు బరువే రజస్వలాకాలమును నిర్ణయించునని వాదించెను. ఒక్క బరువే సర్వమును నిర్ణయింపదని తరువాతివారు సవరించిరి. 1994లో కొవ్వునుండి పుట్టి మెదడునకు నిలువ సంగతి దెలుపు లెప్టిన్ అను పదార్థమును గనుగొనుటతో, ఆ వాదములోని సారము నిలిచినది. మలేరియా జ్వరములు, కడుపులోని పురుగులు, మోయలేని పని, ఇవి యన్నియు గరిసెను ఖాళీ చేయునవే. కావున ఈడు ఆలస్యమగుట పూర్వకాలపు సౌశీల్యమును గాదు, ముందుగా వచ్చుట నేటికాలపు దోషమును గాదు. అది తిన్న తిండి, పడిన కష్టము, వచ్చిన రోగము దేహముపై వ్రాసిన లెక్క.

ఈ లెక్కను జదువుటకు చెంచు పెంటలకంటె దగిన చోటు లేదు. అప్పాపూరు, భౌరాపూరు, మేడిమల్కల వంటి పెంటలు అడవి లోపల నున్నవి. చుట్టును 2,600 చదరపు కిలోమీటర్లకు బైబడిన పులుల యభయారణ్యము. 1940వ సంవత్సరమున హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుడు ఈ పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి పెద్దగ్రంథము ప్రకటించెను. ఆయన చూచిన చెంచులు సేద్యమునకంటె నడవిని నమ్మినవారు. గునపముతో గడ్డలు త్రవ్వుట స్త్రీల నిత్యకృత్యము. తేనె, ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, తునికిపండు ఋతువునుబట్టి లభించును. వేట దొరికిననాడు మాంసము. ఎండకాలపు చివర కొఱత తప్పదు. ఇట్లు అడవిలో ఏరి తినువారు ఆఫ్రికాలోను గలరు. కలహారి యెడారిలోని కుంగ్ జాతివారిలో 1960 తరువాత లెక్కించి చూడగా బాలికల యీడు సగటున 16 ఏండ్ల 7 మాసములుగా దేలెను. మన చెంచు ముదుసలులు జెప్పుమాట దీనికి దూరము గాదు.

ఇచ్చట మన మొక సంగతిని మఱువరాదు. మైదానపు అగ్రకులములలో పదియవ యేడు దాటకమునుపే కన్యాదానము చేయవలెనను స్మృతివాక్యము తల్లిదండ్రులను దఱుముచున్న కాలమున, నల్లమల చెంచులు తమ బిడ్డలకు యుక్తవయస్సు వచ్చిన పిదపనే పెండ్లి చేయుచుండిరి. పిల్లదాని యిష్టమునకును అందు జోటుండెడిది. నరసింహస్వామిని తమ యల్లునిగా నెంచు చెంచుల కథలో, చెంచులక్ష్మి అడవిలో స్వేచ్ఛగా దిరుగాడిన యెదిగిన పడుచే గాని పసిపాప గాదు. కన్యాశుల్కమును, బాల్యవివాహమును మాన్పుటకై మైదానమున మహాపురుషులు కష్టపడవలసివచ్చినది. ఆలస్యముగా ఈడేరి, అటుపిమ్మట మనువాడుట అడవిలో సహజముగానే జరిగినది. అప్పుడు దేహమును, ఆచారమును ఒక్క నడక నడిచినవి.

నేడు ఆ నడక చెదరినది. 1975లో నారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వెంట అంగన్‌వాడీలు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2003నుండి బడులలో మధ్యాహ్నపు వేడియన్నము, పిమ్మట గ్రుడ్డు. మన్ననూరు వంటి చోట్ల ఆశ్రమపాఠశాలలో జేరిన బాలికకు మూడుపూటల భోజనము. మలేరియా మునుపటివలె గూడెములను గూడెములుగా మంచము పట్టించుట లేదు. వీనివలన గరిసె కొంత ముందుగా నిండుచున్నది. ఈడు ముందుగా వచ్చుచున్నది. దీనికి దుఃఖింప బనిలేదు. ఆకలి తగ్గుటకు అదియొక గుర్తు. అయితే గడ్డలు, ఆకుకూరలు, తేనె, మాంసము తగ్గి, పళ్లెము తెల్లయన్నముతోనే నిండినచోట కడుపు నిండినను నెత్తురు పట్టదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికి బైగా రక్తహీనులని తేలెను. నెలనెల నెత్తురు పోవుట మునుపటికంటె ముందుగా మొదలైనదన్నచో, ఇనుపసత్తు గల తిండి మునుపటికంటె నెక్కువగా గావలసియున్నది. ఈ సంగతి మన తల్లులలో జాలమందికి దెలియదు.

అడవి దిగి, డిండినుండి తూర్పునకు దిరిగినచో దేవరకొండ. కొండపై రేచర్ల పద్మనాయకులనాటి కోట, క్రింద పట్టణము, దానిచుట్టును తండాలు. 2011 జనాభా లెక్కలలో తెలంగాణమున లంబాడీలు 20 లక్షలకు బైగా నుండిరి. చెంచులు కొన్ని వేలే. మొగలు సేనలకు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోసికొనుచు దక్కనునకు వచ్చిన సంచారజాతి యిది. 19వ శతాబ్దిలో రైలుబండ్లు వచ్చి ఆ వ్యాపారమును మ్రింగివేయగా, దొరికిన మెట్టనేలలయందు నిలిచిపోయిరి. 1976 నాటి చట్టముచే దెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో జేరిరి.

తండాలో శ్రావణమాసపు తీజ్ పండుగ చూడదగినది. అది పెండ్లికాని పడుచుల పండుగ. బుట్టలలో ఎరువుమన్ను నింపి గోధుమలు చల్లి, తొమ్మిదిదినములు నీరుపోసి మొలక లెత్తింతురు. పూటపూట పాట, ఆట. తొమ్మిదవనాడు మొలకలను బెద్దలకు బంచి, బుట్టలను నీట గలుపుదురు. ఎవరి బుట్టలో మొలక యేపుగా నుండునో ఆ పిల్ల నోమునకు మెప్పు. తండాకు ఎందఱు పెండ్లికాని యెదిగిన పడుచులు గలరో ఆ వలయమును జూచిన దెలియును. వలయము పెద్దదైన తండాలో బిడ్డలు చదువుచున్నారని యూహింపవచ్చును.

ఆ వలయమును జిన్నది చేయునది వలస. పాలమూరు కూలి యను మాట దేశమంతట వినబడినది. ఆనకట్టలు, కాలువలు, బాటలు ఎన్నియో వారి చేతులమీదుగా నైనవి. నల్లగొండ తండాలవారును కొలువుల కొఱకు, ఇటుకబట్టీల కొఱకు నెలలతరబడి యిల్లు విడుతురు. పసిపిల్లను వెంట దీసికొనిపోవచ్చును, ముసలమ్మ చెంత విడువవచ్చును. పెద్దమనిషియైన పిల్లను ఎవరి చెంత విడుతురు? గుడారములో బెట్టుకొందమన్న భయము, ఇంట విడుతమన్న భయము. ఈ రెండు భయముల నడుమ తల్లిదండ్రులకు దోచు మూడవదారి పెండ్లి. వారు బిడ్డపై ప్రేమలేనివారు గారు. కాపలాకు మనిషి లేనివారు.

ఈ వ్యాసమునకు మూలమైన మాట యిచ్చటనే యున్నది. చిన్నతండాలో బడి తఱచుగా అయిదవ తరగతితో ముగియును. అప్పటికి పిల్లకు పది పదునొకండేండ్లు. ఉన్నతపాఠశాల మండలకేంద్రమునను, పెద్దయూరిలోను నుండును. నడుమ నాలుగైదు కిలోమీటర్ల బాట, ఒక్కొకచో వాగు. అమ్మమ్మ కాలమున ఈడు 15, 16 ఏండ్లకు వచ్చినచో, బడి యున్నయెడల పదవతరగతి ముగియువఱకు బిడ్డను ఎవరును ఆపి యుండరు. కాని నాడు బడి లేదు. నేడు బడి యున్నది. కాని ఈడు 12, 13 ఏండ్లకు దిగి, పిల్ల పొరుగూరి బడికి నడకబట్టిన యేడాది రెండేండ్లకే వచ్చి పడుచున్నది. ఊరుదాటి పోవుట, పెద్దమనిషి యగుట, ఈ రెండును ఒక్కచో దటస్థించినప్పుడు తల్లిగుండె బెదరుట సహజము. ఈడు ముందునకు జరిగినది. బడి మాత్రము దగ్గఱకు రాలేదు. బిడ్డ చదువు తెగునది ఆ సందుననే.

చట్టము లేదా యని యడుగుదురేమో. 1929 నాటి శారదాచట్టము బాలికలకు 14 ఏండ్ల హద్దు పెట్టినది. కాని అది బ్రిటిషు ఇండియాకే గాని నైజాము రాజ్యమునకు వర్తింపలేదు. 1931లో దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు మహిళాసభయు గూడెను. స్త్రీవిద్య, వివాహసంస్కారము ఆ కాలపు మహిళాసభల ముఖ్యచర్చలు. ఆ పిలుపు కోటక్రింది పట్టణమున వినబడినంతగా చుట్టునున్న తండాలలో వినబడియుండదు. 1978లో హద్దు 18కి బెరిగినది. 2006లో బాల్యవివాహముల నిషేధచట్టము వచ్చినది. 2014లో దెలంగాణ ప్రభుత్వము కల్యాణలక్ష్మి పథకమును బెట్టి, 18 ఏండ్లు నిండిన పేదింటి వధువునకు మొదట 51,000 రూపాయలును, 2018నుండి 1,00,116 రూపాయలును ఇచ్చు నేర్పాటు చేసెను. ఇన్ని చేసినను పైని జెప్పిన సర్వేలో, 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల తెలంగాణ స్త్రీలలో నూటికి 23 మందికి బైగా 18 నిండకమునుపే పెండ్లియైనవారని తేలినది.

ఏలయన, చట్టము 18వ యేట నిలిచియున్నది. దేహము 13వ యేటికి దిగినది. నడుమ నైదేండ్ల కాలము. మునుపు ఆ కాలము మిక్కిలి చిన్నది. దానిని నింపు పని యెవరికిని లేకుండెను. నేడు దానిని బడి నింపనిచో పెండ్లి నింపును. "పెద్దమనిషి" యను మాటయే మనలను మోసపుచ్చుచున్నది. బాలిక వేగముగా నెత్తు పెరుగుట రజస్వల కాకమునుపే చాలవఱకు జరిగినను, అటుపిమ్మటను కొన్నియంగుళములు పెరుగును. కటియెముకలు ఇంకను విశాలము గావలసియుండును. అట్టి పిల్ల గర్భవతియైనచో కడుపులోని బిడ్డయు, తల్లియు ఒక్కపళ్లెములోని యన్నమునకు బోటీపడుదురు. తల్లి గిడసబారును, బిడ్డ తక్కువబరువుతో పుట్టును, ఆ బిడ్డ యాడుదైనచో కథ మొదటికి వచ్చును. ఈడేరుట గింజ మొలకెత్తుటయే గాని పంట కోతకు వచ్చుట గాదు. తొమ్మిదిదినములు మొలకను బెంచు తీజ్ పడుచులకు ఈ భేదము మనము నేర్పనక్కఱలేదు.

ఈడు ఎంత ముందుగా వచ్చిన నంత మేలనియు దలపరాదు. మనదేశమున బుట్టి స్వీడనుదేశపు దంపతులకు దత్తుపోయిన బాలికలను అచ్చటి వైద్యులు పరిశీలించి 1991లో ప్రకటించినదానినిబట్టి, వారిలో సగము మంది 11 ఏండ్ల 7 మాసములకే రజస్వలలైరి. పసితనమున గిడసబారి, పిమ్మట నొక్కమాఱు సమృద్ధియైన తిండి దొరకిన దేహము తొందరపడునని దాని తాత్పర్యము. అట్టివారి యెత్తు పెరుగుటకు కాలము తక్కువయగును. కావున బిడ్డకు తిండి ఆశ్రమపాఠశాలలో జేరిననాటినుండి గాక, తల్లికడుపులో నున్ననాటినుండి కావలెను.

ఇక చేయవలసిన పనులు పెద్దవి గావు. పదియవ యేడు రాగానే బిడ్డకు తల్లియో, అవ్వయో, పంతులమ్మయో రానున్న మార్పును ముందుగా జెప్పవలెను; తెలియక నెత్తురు జూచి బెదరిన పిల్ల బడికి బోనొల్లదు. మొదటితేదీని పుస్తకమున వ్రాసియుంచవలెను. మన మనుమరాండ్ర కాలమునకైనను లెక్క నిజమైన లెక్క యగును. నువ్వులు, బెల్లము గలిపి దంచిన చిమ్మిలిని ఆ నాలుగు దినములకే పరిమితము చేయక, జొన్నరొట్టె, రాగిజావ, పల్లీలు, ఆకుకూర, గ్రుడ్డు ఏడాది పొడుగున బెట్టవలెను. బడిలో నిచ్చు ఇనుపసత్తు మాత్రను మ్రింగెనో లేదో విచారింపవలెను. బడిలో నీరును, తలుపుగల మరుగుదొడ్డియు లేనిచో గ్రామపంచాయతీని అడుగవలెను. 2018నుండి తండాలు గూడెములు అనేకము తామే పంచాయతీలైనవి; అడుగుటకు దూరము పోనక్కఱలేదు.

వేడుక చేయవద్దని యెవరును అనరు. చీరపెట్టి దీవించుట మంచిదే. కాని పత్రికలు వేసి, విందుచేసి, బిడ్డ ఎదిగినదని పదియూళ్లకు జాటినచో, వచ్చిన చుట్టములు సంబంధములు వెంటబెట్టుకొని వత్తురని యెఱిగి చేయవలెను. ఆ ఖర్చులో సగమైనను బిడ్డ పేర దాచినచో గురుకులమునకు బోవు దినమున పెట్టెకు, దుప్పటికి, దారిఖర్చునకు జాలును. వలసపోవు తల్లికి కావలసినది కాపలా. బిడ్డకు కావలసినది చదువు. ఈ రెండును ఒక్క కప్పుక్రింద దొరకునది బాలికల వసతిగృహము. దేవరకొండ తండాలలోను, అమ్రాబాదు పెంటలలోను ఏ పనికి ముందుగా పూనుకొనవలెనని యెవరైన నడిగినచో, అయిదవతరగతి ముగిసిన ప్రతిబాలికకును, ఈడేరినదా లేదా యని విచారింపక, అట్టి గృహమున నొక మంచమును చూపవలెనని మా మనవి.